లక్షలో జపాన్ వెళ్లొచ్చి చూపిస్తానన్నాను, ఇప్పుడు నాకే భయంగా ఉంది

ప్రశ్న:

ఈ వారం వచ్చిన ఉత్తరం, గోదావరి జిల్లాలకి చెందిన ఒక పాఠకురాలిది. పేరు రాయొద్దన్నారు. వయసు 31. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో జపనీస్ నేర్చుకుని, మొదటి మెట్టయిన ఎన్5 పరీక్ష పాసయ్యారు. కాలేజీ స్నేహితురాలితో కలిసి జపాన్ వెళ్దామని నెలనెలా డబ్బు దాచారు. ఆమె దగ్గర 1,80,000 రూపాయలు పోగయ్యాయి. ఇంతలో స్నేహితురాలికి పెళ్లి కుదిరి ప్రయాణం మానుకుంది. "అయితే నేనొక్కదాన్నే వెళ్తాను" అని ఇంట్లో చెప్పగానే గొడవ మొదలైంది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అన్నయ్య "అంత ఇష్టమైతే 2,65,000కి ప్యాకేజీ టూర్ ఉంది, నలుగురితో వెళ్లు, తక్కువైంది నేను వేస్తాను" అన్నాడు. మాటకి మాట పెరిగి ఈమె "లక్షలో వెళ్లొచ్చి చూపిస్తా" అనేశారు.

ఆ లక్షకి తగ్గట్టు ప్లాన్ కూడా వేసి పంపారు. 12 రోజులు, ఆరు ఊళ్లు: టోక్యో, హకోనే, కనజావా, క్యోటో, ఒసాకా, హిరోషిమా. విమానానికి 45,000. వీసా, ఇన్సూరెన్స్‌కి 5,000. ఏడు రోజుల జపాన్ రైల్ పాస్‌కి 30,000. మొత్తం 11 రాత్రుల్లో రెండు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో, నాలుగు మాంగా కేఫుల్లో (కామిక్స్ చదువుకునే, రాత్రికి చిన్న గదుల్లో ఉండనిచ్చే కేఫులు), అయిదు హాస్టల్ డార్మిటరీల్లో, అన్నీ కలిపి 18,000. తిండికి రోజుకి 350. మార్చి క్లోజింగ్ పని అయ్యాక, ఏప్రిల్ ఆఖరి వారంలో బయలుదేరాలని ఆలోచన. అమ్మకి మాత్రం "ఆఫీసు వాళ్లే పంపిస్తున్నారు, ఇద్దరు కొలీగ్స్ తోడున్నారు" అని చెబుదామనుకుంటున్నారు.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "రాత్రి పడుకుంటే నాకే భయంగా ఉంటోంది. ఇంట్లో చెప్పలేను. చెబితే 'మేం అన్నదీ అదే కదా' అంటారు. వెళ్లాలా, మానాలా? వెళ్తే ఈ డబ్బుతో అవుతుందా? అమ్మకి అబద్ధం చెప్పడం తప్పా?"

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి లెక్కలు చూశాను. రెండోసారి ఆ చివరి వాక్యాల దగ్గరే ఆగిపోయాను. ఇంట్లో వాళ్లందరూ భయపెడుతుంటే మీరు ధైర్యంగా కనిపించక తప్పలేదు. దాంతో మీకున్న మామూలు భయం చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోయారు. అది నాతో చెప్పుకున్నందుకు సంతోషం. నేనూ జపాన్‌కి ఒంటరిగానే వెళ్లాను, బయలుదేరే ముందు వారం రోజులు నాకూ సరిగ్గా నిద్రపట్టలేదు. కొత్త దేశం, కొత్త లిపి, పక్కన మనిషి లేరు, భయం వేయక ఏం చేస్తుంది? అది వెళ్లొద్దని చెప్పే సూచనేమీ కాదు.

నన్ను కలవరపెట్టింది ఆ లక్ష. ఆ అంకె మీ అవసరం నుంచి రాలేదు, మీ దగ్గరున్న డబ్బు నుంచి కూడా రాలేదు. అన్నయ్యతో పోట్లాటలో నోటికొచ్చింది. మీ చేతిలో 1,80,000 ఉంది. అయినా ఒక మాట కోసం నాలుగు రాత్రులు మాంగా కేఫులో, రెండు రాత్రులు కుర్చీలో గడపడానికి సిద్ధపడ్డారు. భయపడుతున్న మనిషికి ముందు కావలసింది తలుపు గడియపడే గది, ఏడు గంటల నిద్ర. మీ ప్లాన్ మొట్టమొదట కోసేసింది వాటినే. మాంగా కేఫులు ప్రమాదకరమని అనను, ఆడవాళ్లకి విడిగా చోటున్నవి కూడా ఉన్నాయి. కానీ చాలావాటిలో ఆ చిన్న గదుల గోడలు పైకప్పు దాకా ఉండవు. పక్కవాళ్ల దగ్గు, కీబోర్డు చప్పుడు, రాత్రంతా ఆరని లైటు. ఆఖరి రైలు తప్పిపోయిన రోజు ఒక రాత్రికి పనికొస్తుంది. నాలుగు రాత్రులంటే అయిదో రోజుకి ఒంట్లో శక్తి ఉండదు.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి లెక్కలోకే వెళ్దాం. 100 యెన్లకి 60 రూపాయలు వేసుకోండి, కాస్త ఎక్కువ వేసుకుంటేనే మంచిది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు రైల్ పాస్. పాత వీడియోలన్నీ అది కొనకపోతే నష్టమని చెబుతాయి. అప్పట్లో అది నిజమే, ఏడు రోజుల పాస్ 29,650 యెన్లకి వచ్చేది. 2023 అక్టోబర్‌లో దాన్ని 50,000 చేశారు. టోక్యో నుంచి క్యోటోకి షింకాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, విడిగా టికెట్ కొంటే ఒకవైపుకి సుమారు 14,000 యెన్లు. అంటే టోక్యో, క్యోటో వెళ్లి తిరిగొచ్చినా 28,000 చుట్టుపక్కలే. పైగా ఆ పాస్ జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లకే. టోక్యో మెట్రోకి, ప్రైవేటు రైళ్లకి చెల్లదు. ఏడు రోజుల తర్వాత అసలే చెల్లదు. మీ ప్లాన్‌లో లోకల్ ప్రయాణాల గడి ఖాళీగా ఉంది, ఒక్క రూపాయి కూడా వేయలేదు. తిండిలో పది రూపాయలు, పడకలో వంద రూపాయలు మిగులుస్తూ, అక్కర్లేని పాస్‌కి 30,000 పెడుతున్నారు.

జపాన్‌లో చేతిలో డబ్బు కరిగిపోయేది ఊళ్లు మారడంలో. ఒక ఊళ్లో ఉండి తిరిగితే అది అంత ఖరీదైన దేశమేమీ కాదు. కాబట్టి నేనైతే ఆరు ఊళ్లని రెండు మకాములు చేస్తాను. టోక్యోలో అయిదు రాత్రులు, క్యోటోలోనో ఒసాకాలోనో ఆరు రాత్రులు. ఒసాకా నుంచి క్యోటోకి మామూలు జేఆర్ రైల్లో అరగంట, 600 యెన్ల లోపే. నారా కూడా గంటలోపు దూరం. పొద్దున వెళ్లి రాత్రికి మన పడక మీదకి వచ్చేయొచ్చు. రోజూ పెట్టె సర్దే పని ఉండదు, లాకర్ ఖర్చుండదు, "ఈ రాత్రి ఎక్కడ?" అనే టెన్షనూ ఉండదు. విమానం టికెట్ కొనేటప్పుడు 'మల్టీ సిటీ' అని వెతికి, టోక్యోలో దిగి ఒసాకా నుంచి తిరిగొచ్చేలా చూడండి. బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ మీదుగా వెళ్లే విమానాలు రెండు ఊళ్లకీ ఉన్నాయి. అప్పుడు టోక్యోకి వెనక్కి రావలసిన 14,000 యెన్లు మిగులుతాయి.

ఇక లెక్క. విమానం మీరన్నట్టే 45,000. వీసా, ఇన్సూరెన్స్‌కి 5,000. ఎనిమిది రాత్రులు ఆడవాళ్ల డార్మిటరీలో 4,000 యెన్ల చొప్పున, మూడు రాత్రులు బిజినెస్ హోటల్లో సొంత గదికి 9,000 చొప్పున వేస్తే 59,000 యెన్లు, అంటే 35,400 రూపాయలు. తిండికి రోజుకి 2,500 యెన్లు, పన్నెండు రోజులకి 18,000 రూపాయలు. మెట్రోలు, బస్సులు, ఎయిర్‌పోర్టు రైళ్లు కలిపి 10,800. టోక్యో నుంచి క్యోటోకి ఒక్క షింకాన్‌సెన్ 8,400. ఫోన్ డేటా, టికెట్లు, బట్టలు ఉతుక్కునే కాయిన్ లాండ్రీ కలిపి 9,000. కూడితే 1,31,600. మీ దగ్గర ఇంకా 48,000 పైచిలుకు ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా కార్డులో ఉంచుకోండి. అన్నయ్య చెప్పిన ప్యాకేజీలో సగం కంటే ఇది తక్కువే, గెలవాలని ఉంటే గెలిచినట్టే.

హిరోషిమా మీ మనసులో గట్టిగా ఉంటే వదలొద్దు. షిన్ ఒసాకా నుంచి రానూపోనూ సుమారు 21,000 యెన్లు, 12,600 రూపాయలు. అక్కడి శాంతి మ్యూజియం టికెట్ 200 యెన్లే. హకోనే, కనజావా మాత్రం ఇంకోసారికి ఉంచండి. టోక్యో నుంచి క్యోటోకి రాత్రి బస్సులో వెళ్తే షింకాన్‌సెన్ ధరలో దాదాపు సగానికి వెళ్లొచ్చు, ఒక రాత్రి గది అద్దె కూడా తప్పుతుంది. పక్కసీటు ఆడవాళ్లకే ఇచ్చే బస్సులున్నాయి. కాకపోతే ఎనిమిది గంటలు కూర్చునే నిద్రపోవాలి, దిగాక గదిలోకి మధ్యాహ్నం మూడింటి దాకా పంపరు. విజయవాడ, హైదరాబాద్ రాత్రి బస్సులో హాయిగా నిద్రపోయే మనిషైతే ఒకసారి ఎక్కండి. లేదంటే రైలే మేలు.

తేదీలు తప్పకుండా మార్చండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా అక్కడ చాలా సెలవులు, గోల్డెన్ వీక్ అంటారు. దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది, గదుల ధరలు కొండెక్కుతాయి. మీరనుకున్న తేదీ కంటే ఇంకో రెండు వారాలు ఓపిక పట్టి మే మధ్యలో వెళ్తే వాతావరణం హాయిగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది. జూన్ దాకా జరిపితే వానలు మొదలవుతాయి.

వీసా విషయానికొస్తే, 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకి ఎలక్ట్రానిక్ టూరిస్టు వీసా (ఈ-వీసా) ఇస్తున్నారు. వీసా సెంటర్ ద్వారానే అప్లై చేయాలి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేయండి. ఎయిర్‌పోర్టులో ఆ వీసాని ఇంటర్నెట్ ఉన్న ఫోన్‌లోనే తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. అది తెలియక కౌంటర్ దగ్గర చెమటలు పట్టినవాళ్లున్నారు.

తిండి గురించి మీ అమ్మగారి బెంగ కూడా రాశారు. మీరు చికెన్, గుడ్డు తింటారు, బీఫ్, పోర్క్ ముట్టరు. అయితే నెట్టుకురావడం కష్టం కాదు, కానీ కళ్లు తెరుచుకుని తినాలి. చవగ్గా దొరికే గ్యూడోన్ అంటే బీఫ్ అన్నం. రామెన్ నూడుల్స్ పులుసు చాలాచోట్ల పోర్క్ ఎముకలతో కాస్తారు. పైకి చికెన్ కూరలా కనిపించే జపాన్ కర్రీ ముద్దలో కూడా బీఫ్ కొవ్వు ఉండొచ్చు. ఒయాకోడోన్ అడగండి, వేడి అన్నం మీద చికెన్, గుడ్డు వేసి ఇస్తారు. పుల్లలకి గుచ్చి కాల్చే యాకితోరి, నూనెలో వేయించే కరాగే కూడా మామూలుగా చికెనే. పూర్తి శాకాహారులైతే ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చేది, ఎందుకంటే అక్కడి చాలా పులుసులకి మూలం దాషి, అందులో మామూలుగా ఎండు చేప ఉంటుంది. 'గ్యూనికు' బీఫ్, 'బుటానికు' పోర్క్, 'తోరినికు' చికెన్ అని మీ చదువులో వచ్చే ఉంటుంది. ఆ మూడిటి కంజీలు, అంటే జపనీస్ లిపిలోని చిత్రాక్షరాలు, గుర్తుపట్టడం వస్తే షాపులో లేబుల్ చదవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

సాయంత్రం ఏడున్నరకి మీ మకాం దగ్గరున్న సూపర్‌మార్కెట్‌కి వెళ్లండి. ఒసాకాలో నేను రోజూ చేసిన పని ఇదే. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ చేతిలో చిన్న మెషిన్‌తో వచ్చి అన్నం డబ్బాల మీద పసుపు స్టిక్కర్లు టక్ టక్‌మని అంటించేది. దాని మీద 'హన్‌గాకు' అని ఉంటుంది, సగం ధర అని అర్థం. ఆవిడ వచ్చే ముందు నుంచే ఆరేడుగురు అటూ ఇటూ తిరుగుతూ, పక్క అరలో టోఫు చూస్తున్నట్టు నిలబడి ఉండేవాళ్లు. ఎవరూ తోసుకోరు. ఆవిడ ఒక వరస పూర్తి చేసి పక్కకి జరిగాకే చేతులు చాపుతారు. సాల్మన్ ముక్క, అన్నం, చిన్న ఆమ్లెట్ ముక్క ఉన్న 498 యెన్ల డబ్బా నాకు 249కి వచ్చింది. రెండో రోజు ఆవిడ నన్ను గుర్తుపట్టి తల ఊపింది. ఆ దేశంలో నాకు మొదటి పరిచయం అదే.

ఇంటి నుంచి పొడులు, ఉప్మా మిక్స్ లాంటివి పెట్టుకోండి కానీ అమ్మ ఎంత ప్రేమగా చేసినా చికెన్ పచ్చడి వద్దు. మాంసంతో చేసినవేవీ ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి రానివ్వరు, జరిమానాలు పెద్దవి. మందుల విషయంలోనూ జాగ్రత్త. మనం అలవాటుగా వేసుకునే కొన్ని జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్, కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటాయి. మోతాదు దాటితే అక్కడ అవి నిషేధం. అట్ట మీద పేర్లు చదివి, అనుమానం ఉన్నవి ఇంట్లోనే వదిలేయండి.

ఒంటరితనం గురించి కూడా చెప్పాలి, అది వస్తుంది. నాకు మూడో రోజు సాయంత్రం వచ్చింది. క్యోటోలో కామో నది ఒడ్డున కూర్చున్నాను. జంటలు జంటలుగా, కొలిచినట్టు సమానమైన దూరంలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. పొద్దున్నుంచి నేను మాట్లాడిన మొత్తం మాటలు 'సుమిమాసెన్' (క్షమించండి), 'అరిగాతో' (థాంక్స్), అంతే. గొంతు పట్టేసింది. కాసేపు ఏడ్చాను కూడా. తర్వాత లేచి పక్క సందులో చిన్న ఉడాన్ నూడుల్స్ కొట్టుకి వెళ్లాను. లోపల బల్లలు లేవు, వంటవాళ్లకి ఎదురుగా వరసగా ఎనిమిది కుర్చీలు. అందులో ఆరుగురు ఒక్కొక్కరుగా వచ్చినవాళ్లే. ఒంటరిగా వచ్చే మనిషికి అక్కడ 'ఒహితోరిసామా' అనే గౌరవపు పదమే ఉంది. ఒక్కరే వచ్చారేంటని అడిగేవాళ్లుండరు, జాలిగా చూసేవాళ్లుండరు. మన దగ్గర ఆడమనిషి ఒంటరిగా హోటల్లో కూర్చుంటే తగిలే చూపులు అక్కడ లేకపోవడం నాకు చాలా తేలిగ్గా అనిపించింది. మీకు ఆ సాయంత్రం వచ్చినప్పుడు గదిలో ఫోన్ పట్టుకుని పడుకోకండి. అందుకే సొంత గది మూడు రాత్రులనీ ఒకేచోట పెట్టకుండా, దిగిన రాత్రికి ఒకటి, మధ్యలో ఒకటి, తిరుగు ప్రయాణం ముందు ఒకటి వేశాను. డార్మిటరీలో మనుషులు దొరుకుతారు, సొంత గదిలో నిద్ర దొరుకుతుంది, మీకు రెండూ కావాలి. డార్మిటరీకి చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్లండి. తెల్లవారుజామున అయిదింటికి ఎవరో ఒకరు పెట్టె జిప్పు లాగుతారు.

చాలా చోట్లకి టికెట్టే లేదు. క్యోటోలో ఫుషిమి ఇనారి గుడి ఉన్న కొండ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. టోక్యోలో ప్రభుత్వ కార్యాలయం 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు. అసకుసాలో మత్సుచియామా అనే చిన్న గుడిలో మన వినాయకుడే కంగితెన్‌గా ఉన్నాడు, ఆయనకి అక్కడ ముల్లంగి నైవేద్యం. క్యోటో స్టేషన్‌కి దగ్గర్లోని నిషి హోంగాన్‌జీ అనే బౌద్ధాలయానికి కూడా వెళ్లండి. ఆ సంప్రదాయంలో ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడు ర్యూజు, అంటే నాగార్జునుడు. మన కృష్ణ ఒడ్డున నాగార్జునకొండతో ముడిపెట్టి చెప్పుకునే ఆ నాగార్జునుడే. అంత దూరం వెళ్లి ఆ పేరు విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

భద్రత గురించి నాలుగు మాటలు. రద్దీ రైళ్లలో ఆడవాళ్లని తాకే వెధవలు అక్కడా ఉన్నారు. అందుకే పెద్ద ఊళ్లలో రద్దీ వేళల్లో ఆడవాళ్లకి విడిగా పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తు చూసి అక్కడ నిలబడండి. వీధి మూలల్లో కోబాన్ అనే చిన్న పోలీసు గదులుంటాయి, దారి తప్పినా లోపలికి వెళ్లి అడగొచ్చు. పోలీసులకి 110, అంబులెన్స్‌కి 119. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, అది అక్కడి చట్టం.

ఇక వెళ్లాలా, మానాలా అన్నది. మీకు మూడు దారులున్నాయి. అన్నయ్య చెప్పిన టూర్‌ని కోపంతో కొట్టిపారేయకండి. భోజనం, హోటల్, గైడ్ అన్నీ వాళ్లే చూస్తారు, అమ్మ నిశ్చింతగా ఉంటుంది. కానీ పొద్దున ఏడింటికి బస్సెక్కి, గంటలో గుడి చూసి, మళ్లీ బస్సెక్కాలి. రెండేళ్లు నేర్చుకున్న జపనీస్‌లో నాలుగు మాటలు మాట్లాడే అవకాశం పెద్దగా రాదు. అన్నయ్య వేసే 85,000 మాట రేపు ఎక్కడో ఒకచోట వస్తుంది కూడా. రెండోది, పైన చెప్పిన లెక్కతో ఒంటరిగా వెళ్లడం. మూడోది నడిమి దారి: ఏడు రోజులు, ఒసాకా ఒక్కటే మకాం, లక్షకి అటూ ఇటూగా అయిపోతుంది. ఊళ్లు తక్కువే చూస్తారు, కానీ భయం కూడా చిన్నదిగా ఉంటుంది. ఒంటరిగా వెళ్లాక ఒకటి రెండు రోజులు తోడు కావాలనిపిస్తే, చాలా ఊళ్లలో 'గుడ్‌విల్ గైడ్' అనే వలంటీర్లు ఉన్నారు. వాళ్లకి ఫీజు ఉండదు, వాళ్ల చార్జీలు, టికెట్లు మనం పెట్టుకోవాలి. ముందుగా రాసి అడగాలి. నా మొగ్గు రెండో దారి వైపే. కానీ మే నెల దగ్గరపడ్డాక కూడా మీకు నిద్రపట్టకపోతే మూడోదానికి మారండి. అది ఓడిపోవడమని అన్నయ్య అనుకుంటే అనుకోనివ్వండి.

అమ్మకి చెప్పే అబద్ధం దగ్గరికొస్తాను. తప్పా ఒప్పా అని తీర్పు చెప్పను, మీ ఇంటి పరిస్థితి నాకు సగమే తెలుసు. కానీ ఏం జరుగుతుందో చూడండి. దిగిన రాత్రే అమ్మ వీడియో కాల్ చేసి "ఆ అమ్మాయికి ఒకసారి ఫోనివ్వు, మాట్లాడతా" అంటుంది. ఏ తల్లైనా అంటుంది. అప్పుడు ఇంకో అబద్ధం చెప్పాలి. జపాన్‌లో చిన్న భూకంపం వచ్చినా మన టీవీల్లో కింద స్క్రోలింగ్ వస్తుంది, ఆవిడ మీ ఆఫీసుకి ఫోన్ చేస్తుంది. మీకు జ్వరమొస్తే ఎవరికి చెబుతారు? భయాన్ని ఇప్పటికే ఒంటరిగా మోస్తున్నారు, అబద్ధం చెబితే అక్కడ పన్నెండు రోజులూ అదే పని. ఏమీ చెప్పకుండా వెళ్లిపోవడం ఇంకో దారి, కానీ తిరిగొచ్చాక ఆ మౌనం రెండు రోజులతో పోదు. నిజం చెబితే ఇప్పుడు ఒక వారం ఏడుపులు, అలకలు ఉంటాయి. ఆవిడ చివరి దాకా ఒప్పుకోకపోవచ్చు కూడా. మీకు 31 ఏళ్లు, డబ్బు మీది, ఒప్పుకోకపోయినా వెళ్లొచ్చు. కానీ ఎక్కడున్నారో ఆవిడకి తెలిసి ఉంటుంది.

చెప్పేటప్పుడు వాదనలోకి దిగొద్దు. ఆవిడ భయపడేది మీ ధైర్యం మీద అనుమానంతో కాదు, ఫోన్ కలవకపోతే ఎవరిని అడగాలో తెలియక. ఒక తెల్లకాగితం మీద తెలుగులో, ఆవిడ కళ్లజోడు లేకుండా చదివేంత పెద్ద అక్షరాలతో, ఏ తేదీన ఏ ఊళ్లో ఉంటారో, ఆ హోటల్ పేరు, ఫోన్ నంబరు రాయండి. విమానం నంబర్లు రాయండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. రోజూ అక్కడ రాత్రి తొమ్మిదికి, అంటే మన సాయంత్రం అయిదున్నరకి ఫోన్ చేస్తానని రాయండి, చేయండి. భూకంపం వస్తే ఏం చేస్తారో కూడా ముందే చెప్పండి. అక్కడి టూరిజం శాఖ వాళ్ల 'సేఫ్టీ టిప్స్' యాప్ ఇంగ్లిష్‌లో హెచ్చరిస్తుంది, దాన్ని ఆవిడ ముందే ఫోన్‌లో వేసి చూపించండి.

వీలైతే ఆ కాగితం ఇచ్చిన రోజే ఇంకో మాట కూడా చెప్పండి: "అమ్మా, నాకూ కొంచెం భయంగానే ఉంది." ఇన్నాళ్లూ ఇంట్లో దాచింది అదొక్కటే కదా. ఆవిడ "అయితే మానేయ్" అనొచ్చు. "అయితే ఇంకో రెండు జతల బట్టలు పెట్టుకో" అని కూడా అనొచ్చు. ఏమన్నారో నాకు రాయండి. ఎయిర్‌పోర్టు నుంచి మొదటి రాత్రి గదికి ఏ రైలు ఎక్కాలో మనిద్దరం కలిసి చూద్దాం.